గుంటూరు డాబా మీద నుంచి కావలూరు డోమ్ దాకా: పెద్ద టెలిస్కోప్ మీద పని నేర్చుకోవడం ఎలా

పెద్ద అబ్జర్వేటరీకి వెళ్తే టెలిస్కోప్‌కి కన్ను ఆనించి శని వలయాలు చూడొచ్చని చాలామంది అనుకుంటారు. పరిశోధన జరిగే రాత్రి అక్కడ ఐపీస్ ఉండదు. దాని చోట కెమెరానో, వెలుగుని రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫో బిగించి ఉంటుంది. మనం కూర్చునేది పక్క గదిలో, మానిటర్ల ముందు. టెలిస్కోప్‌ని తిప్పేది చాలాచోట్ల ఆపరేటర్. మరి మన పనేంటంటే, ఇప్పుడు ఏ నక్షత్రం, ఏ ఫిల్టర్, ఎన్ని సెకన్లు, ఫోకస్ జారిందా, వచ్చిన ఫ్రేమ్ పనికొస్తుందా, మబ్బు పడితే ఏం చేయాలి అని నిమిషాల మీద తేల్చడం. అబ్జర్వింగ్ అనుభవం అంటే ఈ తేల్చడంలో చేయి తిరగడమే.

ఇందులో ముప్పాతిక వంతు విజయవాడలోనో గుంటూరులోనో ఉండి, ఏ డోమూ చూడకుండానే నేర్చుకోవచ్చు. నేర్చుకున్నవాళ్లకే డోమ్ తలుపు తెరుచుకుంటుంది కూడా. ఒక రాత్రి టైమ్ దొరికిన శాస్త్రవేత్త తోడు తీసుకెళ్లేది తెల్లవారుజామున మూడింటికి ఉపయోగపడే మనిషిని. 'నాకు ఖగోళం అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం' అని రాసిన ఈమెయిళ్లు ఆయనకు చాలానే వస్తాయి. 'ఈ డేటా తీసుకుని ఈ గ్రాఫ్ గీశాను' అని వచ్చేవి తక్కువ. కింద చెప్పిన వరుస ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: టెలిస్కోప్ కంటే ముందు ఫైలు

టెలిస్కోప్ కొనాలా అని అడిగేవాళ్లకు నా జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ల్యాప్‌టాప్‌లో ఖగోళ ఫోటోలు తెరిచి కొలిచే సాఫ్ట్‌వేర్లు డీఎస్9, ఆస్ట్రోఇమేజ్‌జే వేసుకోండి. రెండూ ఉచితం. ప్రొఫెషనల్ టెలిస్కోప్ నుంచి వచ్చే ఫోటో జేపీజీ కాదు, ఫిట్స్ ఫైలు. దాని తలకట్టులో, అంటే హెడర్‌లో, ఎప్పుడు తీశారు, ఎంత ఎక్స్‌పోజర్, ఏ ఫిల్టర్, టెలిస్కోప్ ఎటు చూస్తోంది అన్నీ రాసి ఉంటాయి. ఫైలు తెరవగానే ముందు హెడర్ చదివే అలవాటు చేసుకోండి.

ఫైళ్లు ఎక్కడివి? హార్వర్డ్-స్మిత్సోనియన్ వాళ్ల మైక్రోఅబ్జర్వేటరీ అనే ఉచిత సేవ ఉంది. వెబ్‌సైట్‌లో ఒక గెలాక్సీనో నెబ్యులానో ఎంచుకుంటే, అమెరికాలో ఉన్న ఆరు అంగుళాల రోబోటిక్ టెలిస్కోప్ రాత్రి దాన్ని తీసి మీ మెయిల్‌కి పంపుతుంది. టెలిస్కోప్ చిన్నదే, కానీ ఫైలు అసలు సిసలు ఫిట్స్. ఇంకా పెద్ద డేటా కావాలంటే హబుల్ డేటా ఉండే మాస్ట్, యూరప్ వాళ్ల ఈసో ఆర్కైవ్, ఆకాశాన్ని జల్లెడ పట్టిన స్లోన్ సర్వే అందరికీ తెరిచే ఉన్నాయి.

ఇక్కడ ఒక చోట ఆగి బాగా నలగాలి. కెమెరా ఇచ్చిన పచ్చి ఫ్రేమ్‌ని సరిచేయడానికి మూడు రకాల ఫ్రేములు కావాలి. బయాస్ అంటే షట్టర్ మూసి, సున్నా సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీసేది. కెమెరా ఎలక్ట్రానిక్స్ తనంతట తాను కలిపే అంకె ఎంతో అది చెబుతుంది. డార్క్ అంటే షట్టర్ మూసి, అసలు ఫోటోకి ఎంతసేపు తీశామో అంతసేపు తీసేది. చిప్ వేడి వల్ల పుట్టే సిగ్నల్ అందులో తేలుతుంది. మూడోది ఫ్లాట్: సమానంగా వెలుగున్న దేన్నైనా, సాధారణంగా సంధ్యవేళ ఆకాశాన్ని తీసేది. సరిచేయని ఫ్రేమ్‌ని డీఎస్9లో కాంట్రాస్ట్ పెంచి చూడండి. అక్కడక్కడా గారెల్లా మధ్యలో చిల్లుతో గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. అవి ఆకాశంలోవి కావు. ఫిల్టర్ మీద పడ్డ దుమ్ము కణాల నీడలు. ఫ్లాట్‌తో భాగిస్తే మాయమవుతాయి. ఫ్లాట్ తీయడం మర్చిపోయిన రాత్రి ఆ మచ్చ సరిగ్గా మన నక్షత్రం మీదే పడిందనుకోండి, ఆ రాత్రి కష్టమంతా అనుమానంలో పడుతుంది.

తర్వాత ఒక చిన్న లెక్క. నక్షత్రం వెలుగుని ఒక శాతం కచ్చితత్వంతో కొలవాలంటే దాని నుంచి కనీసం 10,000 ఫోటాన్ల సిగ్నల్ రావాలి. ఎందుకంటే లెక్కలో వచ్చే తేడా ఫోటాన్ల సంఖ్యకు వర్గమూలం: 10,000కి 100, అంటే ఒక శాతం. అర శాతం కావాలంటే ఫోటాన్లు రెట్టింపైతే చాలదు, నాలుగు రెట్లు కావాలి. ఆకాశపు వెలుగు, కెమెరా నాయిస్ దీనికి అదనం. ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇంటర్లో వదిలేసిన స్టాటిస్టిక్స్ చాప్టర్ మళ్లీ తీయక తప్పదు.

పైథాన్ రాకపోతే ఈ మెట్టు మీదే నేర్చుకోండి. ఆస్ట్రోపై లైబ్రరీతో ఫిట్స్ తెరిచి, గ్రాఫ్ గీయగలిగితే మొదటికి అది చాలు.

రెండో మెట్టు: మన ఆకాశం మనకు తెలియాలి

విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు, గుంటూరు 16.3. అందుకే ధ్రువనక్షత్రం మనకు ఉత్తరాన చాలా కిందికి, పదహారు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంట్ మీద నుంచి అది కనిపించడం కష్టం. దానికి బదులు దక్షిణాన అగస్త్య నక్షత్రం మనకు బాగా అందుతుంది, యూరప్‌లో చాలామందికి అది అసలు ఉదయించదు. ఊళ్లో వెలుగు ఎక్కువైతే బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికో, నాగార్జునసాగర్ వైపుకో వెళ్లండి. సూర్యలంకలో దక్షిణం, తూర్పు దిక్కుల్లో సముద్రమే కాబట్టి దిగంతం దాకా తెరిపి. కాకపోతే ఉప్పు గాలి, తేమ లెన్సుకి పడవు. మనకు పని జరిగే కాలం నవంబర్ చివరి నుంచి మార్చి దాకా. సంక్రాంతి రోజుల్లో మంచు తెర అర్ధరాత్రి దాటాక దిగుతుంది కాబట్టి ముందే ముగించుకోవాలి.

టెలిస్కోప్ లేకుండా చేయగల అసలైన అబ్జర్వేషన్ ఒకటి ఉంది: ఆల్గాల్. శీతాకాలపు సాయంత్రాల్లో కృత్తికలకూ శర్మిష్ఠ రాశికీ మధ్యలో ఉంటుంది. అది ఒకదాన్నొకటి కప్పుకునే నక్షత్రాల జంట. మామూలుగా 2.1 మ్యాగ్నిట్యూడ్‌తో ఉండేది, గ్రహణం పట్టినప్పుడు 3.4కి పడిపోతుంది (ఈ కొలతలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). మొత్తం తతంగం దాదాపు పది గంటలు. ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి జరుగుతుంది. సోమవారం అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు, అంటే మంగళవారం మొదలయ్యాక, కనిష్ఠం వస్తే, తర్వాతది గురువారం రాత్రి 9.49కి. పక్కనున్న స్థిరమైన నక్షత్రాలతో పోల్చి ప్రతి అరగంటకీ దాని వెలుగుని అంచనా వేసి రాయండి. ఇలాంటి అంచనాలను 1911 నుంచి సేకరిస్తున్న, వెలుగు మారే నక్షత్రాల పరిశీలకుల సంస్థ ఏఏవీఎస్‌ఓకు మీవి కూడా పంపొచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్, ట్రైపాడ్ ఉంటే ఇదే పని ఇంకా కచ్చితంగా చేయొచ్చు: ఫోకస్ కొద్దిగా చెదరగొట్టి, రా ఫైల్ తీసి, పచ్చ ఛానల్ మాత్రం కొలవాలి.

నోట్‌బుక్‌లో టైమ్ రాసేటప్పుడు భారత కాలమానం వద్దు, యూటీ, అంటే ప్రపంచమంతా వాడే యూనివర్సల్ టైమ్ రాయండి. మన టైమ్‌లోంచి అయిదున్నర గంటలు తీసేయాలి. తేదీ దగ్గర జాగ్రత్త: జనవరి 15 తెల్లవారుజామున రెండు గంటలు అంటే యూటీలో జనవరి 14, రాత్రి 8.30. దీన్ని తప్పు రాస్తే మీ గ్రాఫ్ ఒక రోజంతా పక్కకి జరుగుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు.

ఈ విద్యకు మన ఊరు కొత్తది కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ బృందం ఒకటి జేమ్స్ టెనంట్ నాయకత్వంలో ఇక్కడే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. గ్రహణం ఉన్న కాసేపట్లో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా ఇవి కనిపించాలి కదా అని జాన్సెన్‌కి తట్టింది. మర్నాడు పొద్దున్నే, గుంటూరులోనే, మామూలు ఎండలో స్పెక్ట్రోస్కోప్ చీలికని సూర్యుడి అంచుకి పెట్టి చూశాడు. కనిపించాయి. ఆ గ్రహణంలో తేలిన పసుపు గీతే తర్వాత హీలియం కథకు దారితీసింది. పరికరం సెట్ చేసి ఉండగానే మర్నాటికి కొత్త ప్రశ్న వేయగలిగాడే, మంచి అబ్జర్వర్‌లో చూడాల్సింది అదే.

మూడో మెట్టు: ఇంట్లోంచే దూరపు టెలిస్కోప్

గ్రహశకలాలు వెతికే ఐఏఎస్‌సీ అనే అంతర్జాతీయ కార్యక్రమంలో విద్యార్థి బృందాలు ఉచితంగా చేరొచ్చు. హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోప్ తీసిన ఫ్రేములు పంపుతారు. ఆస్ట్రోమెట్రికా సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదాని తర్వాత ఒకటి మెరిపిస్తూ, కదిలే చుక్కని పట్టుకుని రిపోర్ట్ చేయాలి. కంటికి మంచి శిక్షణ. ఒక్క మాట మాత్రం. 'మన విద్యార్థి గ్రహశకలాన్ని కనుగొన్నాడు' అని పేపర్లో వచ్చే వార్తల్లో చాలావాటికి ఆధారం ప్రాథమిక గుర్తింపు సర్టిఫికెట్. దాని కక్ష్య తేలి, అధికారికంగా నంబరు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్లికేషన్‌లో ఉన్నది ఉన్నట్టు 'ప్రాథమిక గుర్తింపు' అనే రాయండి. చదివేవాళ్లకి తేడా తెలుసు.

లాస్ కుంబ్రెస్ అబ్జర్వేటరీకి ప్రపంచమంతా 0.4 నుంచి 2 మీటర్ల రోబోటిక్ టెలిస్కోపులున్నాయి. విద్యా కార్యక్రమాలు నడిపే భాగస్వామ్య సంస్థల ద్వారా అందులో టైమ్ దొరుకుతుంది. ఇక్కడ మొదటిసారి మీరే టార్గెట్, ఫిల్టర్, ఎక్స్‌పోజర్ ఎంచుకుని క్యూలో పెడతారు. చెడిపోయిన ఫ్రేమ్ వస్తే ఎందుకు చెడిందో రాసి పెట్టుకోండి, తర్వాత ఇంటర్వ్యూలో పనికొచ్చేది అదే.

మబ్బులంటే విసుగొచ్చినవాళ్లకు రేడియో ఉంది. ప్లైవుడ్‌కో అట్టకో అల్యూమినియం ఫాయిల్ అంటించి హార్న్ యాంటెన్నా చేసి, ఒక యాంప్లిఫయర్, కంప్యూటర్‌ని రేడియోగా మార్చే యూఎస్‌బీ ఎస్‌డీఆర్ డాంగిల్ తగిలిస్తే, 1420 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంత హైడ్రోజన్ సిగ్నల్ డాబా మీదే పట్టుకోవచ్చు. పట్టపగలైనా, ఆషాఢ మేఘాల్లోనైనా. బీటెక్ ఈసీఈ వాళ్లకు ఇది చేతికందిన ప్రాజెక్ట్.

నాలుగో మెట్టు: ఏ టెలిస్కోప్ ఎక్కడ

మనకు దగ్గరిది తమిళనాడులోని కావలూరు. నెల్లూరు దగ్గరి కావలి అనుకునేరు. జవ్వాది కొండల్లో, బెంగళూరులోని ఐఐఏ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్) నడిపే వైను బప్పు అబ్జర్వేటరీ ఇది. 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోప్, 1.3 మీటర్లది, 1972 నుంచి పనిచేసే ఒక మీటరు జైస్ టెలిస్కోప్ అక్కడున్నాయి. 1977లో యురేనస్ వలయాల జాడ చూసిన టెలిస్కోపుల్లో ఆ జైస్ ఒకటి. ఆ అబ్జర్వేటరీకి పేరిచ్చిన ఖగోళ శాస్త్రవేత్త బప్పు పెరిగింది హైదరాబాద్‌లోనే, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. శనివారాలు సందర్శకులకు తెరుస్తారు, కానీ వెళ్లేముందు ఐఐఏ వెబ్‌సైట్ చూసుకోండి. విజయవాడ నుంచి కాట్పాడి మీదుగా వెళ్లే రైలెక్కి జోలార్‌పేటలో దిగి, వాణియంబాడి, ఆలంగాయం మీదుగా రోడ్డున వెళ్లాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వర్షాలు, అప్పుడు వెళ్లి లాభం లేదు. ప్రపంచమంతా తిరిగే బదులు ఈ ఒక్కచోటికి ముందు వెళ్లి, ఆ డోమ్ కింద నిలబడి రండి.

లడఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ (హెచ్‌సీటీ) ఉంది. అబ్జర్వర్ అక్కడికి వెళ్లక్కర్లేదు. బెంగళూరు పక్కన హోస్కోటేలోని క్రెస్ట్ క్యాంపస్ నుంచి ఉపగ్రహ లింక్ ద్వారా నడుపుతారు. అంటే గుంటూరులో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు మర్నాడు హిమాలయాల ఆకాశాన్ని చూస్తాడు. నైనిటాల్‌లోని ఏరీస్ అనే పరిశోధన సంస్థ వాళ్లకి దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్, మౌంట్ ఆబూలో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ (పీఆర్‌ఎల్) వాళ్ల 1.2, 2.5 మీటర్లవి, పుణె దగ్గర గిరావలిలో అక్కడి ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాది 2 మీటర్లది ఉన్నాయి. రేడియోలో పుణె దగ్గరే ఖోడద్‌లో జీఎంఆర్‌టీ: 45 మీటర్ల డిష్‌లు ముప్పై. జాతీయ సైన్స్ దినం ఫిబ్రవరి 28న అక్కడ పెద్ద సైన్స్ ప్రదర్శన పెడతారు.

అయిదో మెట్టు: తలుపు తట్టడం

మూడు దారులు. ఒకటి వేసవి కార్యక్రమాలు: ఐయూకా, జీఎంఆర్‌టీని నడిపే ఎన్‌సీఆర్‌ఏ, ఐఐఏ, ఏరీస్, ఇంకా సైన్స్ అకాడమీల ఫెలోషిప్. చాలావాటికి ప్రకటనలు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వస్తాయి. సరిగ్గా మన సెమిస్టర్ పరీక్షల్లో. మే నెలలో గుర్తొస్తే ఆ ఏడాది అయిపోయినట్టే. ఫిజిక్స్ వాళ్లకే కాదు, ఇంజనీరింగ్ వాళ్లకీ వీటిలో చోటుంది. పుణెలో డిగ్రీ విద్యార్థుల కోసం రేడియో ఆస్ట్రానమీ వింటర్ స్కూల్ కూడా ఉంది.

రెండో దారి ఎవరూ చెప్పరు: మీ లెక్చరర్. ఐయూకా పుట్టిందే యూనివర్సిటీల కోసం. కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు విజిటింగ్ అసోసియేట్ హోదా ఇస్తుంది. మీ ఫిజిక్స్ మాస్టారిని దరఖాస్తు చేయమని అడగండి. "సార్, డేటా పని మేం చూసుకుంటాం, మీరు పేరు పెట్టండి చాలు" అన్నా తప్పులేదు. ఆయన వెనక మీకూ దారి పడుతుంది.

మూడోది నేరుగా ఈమెయిల్. పది లైన్లు దాటకూడదు. ఉదాహరణకి ఇలా: 'సార్, గుంటూరులో బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. జంట నక్షత్రాల మీద మీ పేపర్ చదివాను. మీరు వాడిన పద్ధతితోనే ఆల్గాల్ డేటా చేశాను, గ్రాఫ్ జతచేశాను. కనిష్ఠం దగ్గర నాకు చెదురు ఎక్కువ వస్తోంది, ఫ్లాట్ సమస్యేమో అనిపిస్తోంది. మీ తర్వాతి అబ్జర్వింగ్ రాత్రుల్లో ఎవరికైనా సహాయం కావాలంటే వస్తాను.' ఒకే మెయిల్ అందరికీ కాపీ కొట్టి పంపితే ఇట్టే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, అంతే.

ఆరో మెట్టు: ప్రపోజల్

టైమ్ అడిగి తీసుకోవాలి. హెచ్‌సీటీకి ఏడాదికి మూడు విడతలు, జీఎంఆర్‌టీకి రెండు. కమిటీ చదివి కేటాయిస్తుంది. మొదటిసారి సొంత పేరుతో వేయాలని తొందరపడొద్దు, గైడ్ ప్రపోజల్‌లో సహ పరిశోధకుడిగా చేరి, ఎక్స్‌పోజర్ లెక్కల భాగం మీరు రాయండి. ఆ భాగం బలహీనంగా ఉంటే సైన్స్ ఎంత గొప్పదైనా నిలబడదు. ఈ నక్షత్రమే ఎందుకు, ఈ టెలిస్కోపే ఎందుకు, వెన్నెల రాత్రులు పనికొస్తాయా, ఆ నెలల్లో అది ఆకాశంలో ఎంతసేపు ఉంటుంది, ఈ నాలుగింటికీ సూటిగా జవాబుండాలి.

ఏడో మెట్టు: ఆ రాత్రి

వారం ముందే ప్లాన్ రాయాలి. ప్రతి టార్గెట్ ఏ వేళకి నడినెత్తికి దగ్గరవుతుందో చూసి వరుస పెట్టండి. నడినెత్తిన వాతావరణం మందం 1 అనుకుంటే, దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తులో అది 2. అంతకన్నా కిందికి పోతే వెలుగు తగ్గుతుంది, నక్షత్రం వణుకుతుంది. ఫైండింగ్ చార్ట్ ప్రింట్ తీసుకోండి. హెచ్‌సీటీలో హెచ్‌ఎఫ్‌ఓఎస్‌సీ కెమెరా చూసే చోటు పది ఆర్క్ నిమిషాలు, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో మూడో వంతు. తెర మీద కనిపించిన చుక్కల్లో మనది ఏదో చార్ట్ లేకుండా తేల్చలేం, పైగా చార్ట్‌లో ఉత్తరం పైకి ఉంటే తెర మీద కిందికి ఉండొచ్చు.

సాయంత్రం చీకటి పడకముందే వెళ్లి బయాస్ తీయండి. సూర్యుడు అస్తమించాక ఫ్లాట్లకు దొరికేది కొద్ది నిమిషాలే: ముందు ఆకాశం మరీ వెలుగు, కాసేపటికే మరీ చీకటి. ఫిల్టర్ల వరుస ముందే రాసి పెట్టుకోకపోతే అక్కడే టెన్షన్ మొదలవుతుంది. సూర్యుడు దిగంతం కింద 18 డిగ్రీలకి దిగాక అసలు చీకటి. మొదట ఒక ప్రకాశవంతమైన నక్షత్రం మీద ఫోకస్, తర్వాత స్టాండర్డ్ నక్షత్రం, అంటే వెలుగు ఎంతో ముందే తెలిసినది, ఆ తర్వాత మన టార్గెట్. ఉష్ణోగ్రత పడేకొద్దీ ఫోకస్ జారుతుంది కాబట్టి నక్షత్రం వెడల్పుని మధ్యమధ్య కొలుస్తూ ఉండండి.

లాగ్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ నంబరు, టార్గెట్, ఫిల్టర్, ఎక్స్‌పోజర్, యూటీ, పక్కన ఒక మాట: 'పలచ మబ్బు', 'గైడింగ్ పోయింది', 'గాలి'. ఆ ఒక్క మాటే ఆరు నెలల తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది. తేమ పరిమితి దాటితే ఆపరేటర్ డోమ్ మూసేస్తారు, ఆ మాటకి తిరుగులేదు. వాదించొద్దు. ఆయనకి ఆ టెలిస్కోప్ స్వభావం మనందరికన్నా ఎక్కువ తెలుసు. ఖాళీ దొరికితే ఆయన్నే అడిగి నేర్చుకోండి, పుస్తకాల్లో లేనివి చెబుతారు. మబ్బు సగం కమ్మితే అప్పటికప్పుడు వెతుక్కోకుండా, ప్రకాశవంతమైన రెండు మూడు బదులు టార్గెట్లు ముందే రాసి ఉంచుకోవాలి.

మనకు స్వెట్టర్ అంటే ఊటీ ట్రిప్‌దే. దేవస్థల్ సుమారు 2,400 మీటర్ల ఎత్తు, డిసెంబర్ రాత్రి అది చాలదు. లోపల థర్మల్స్, చెవులు కప్పే టోపీ, మందపాటి సాక్సులు. ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించండి, డోమ్‌లోకి ఎర్ర లైటు మాత్రమే. ముందు రెండు రాత్రులు ఇంట్లోనే ఆలస్యంగా పడుకుని అలవాటు చేసుకోండి. రాత్రికి తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి, గోంగూర పచ్చడి సీసా అయితే కంట్రోల్ రూమ్‌లో స్నేహాలు త్వరగా కుదురుతాయి.

తెల్లారాక పడుకునే ముందు డేటాని రెండు చోట్ల కాపీ చేయండి, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే చోట. తెల్లవారుజాము ఫ్లాట్లు కూడా అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. లాగ్ ఫోటో తీసి గైడ్‌కి పంపండి. వారంలోపు తొలి గ్రాఫ్ గీసి, ఏ ఫ్రేములు పనికిరావో కారణాలతో సహా ఆయన ముందు పెడితే, తర్వాతి విడత ప్రపోజల్ గడువు వచ్చేసరికి ఆయనే మీకు ఫోన్ చేసే అవకాశం ఉంది. ఎక్కడైనా పోస్టరో రిపోర్టో ఇస్తే అబ్జర్వేటరీ పేరు, అక్కడి సిబ్బందికి కృతజ్ఞత తప్పకుండా రాయాలి. దానికి ఎలాంటి వాక్యం వాడాలో చాలా అబ్జర్వేటరీలు తమ వెబ్‌సైట్‌లోనే ఇస్తాయి.